పోయినవాళ్ల రుచులు

తన కాలికి రక్తం కారుతోందని తాతస్వామికి తెలియలేదు. ముందుగా చూసింది ఆయన అక్క లమ్‌యాయ్.

అప్పుడే వెలుగు పడుతోంది. కాలవ గట్టు మీద సిమెంటు చప్టా మంచుకి తడిసి ఉంది. తాతస్వామి భిక్షాపాత్ర పొట్టకి ఆనించుకుని, ఎప్పట్లాగే చెప్పుల్లేని కాళ్లతో, వీధి ఆ చివర్నించి ఒక్కో ఇంటి ముందూ ఆగుతూ వచ్చాడు. ఈ చివర ఆఖరిది లమ్‌యాయ్ కొట్టు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని గరిటెడు అన్నం పాత్రలో వేసి, చేతులు జోడించి తల వంచింది. తల వంచినవాళ్లకి కనపడేవి పాదాలే కదా. ఎడమ పాదం చుట్టూ ఎర్రగా చెమ్మ పాకుతోంది.

"స్వామీ, కాలు!" అంది.

"ఏ కాలు?" అన్నాడాయన, ఇంకెవరి కాలో అయినట్టు.

చిటికెనవేలి పక్కన నత్తగుల్ల ముక్క దిగబడి ఉంది. వేలెడు ముక్క. దాంతోనే వీధంతా నడిచొచ్చాడు. లమ్‌యాయ్ చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది, మళ్లీ దానంతటదే వెనక్కొచ్చింది. భిక్షువుని ఆడది తాకకూడదు. ఎనిమిదేళ్ల పిల్లప్పుడు ఈ మనిషినే చంకనేసుకుని తిరిగింది, ముక్కు తుడిచింది, తేలు కుడితే నోటితో లాగింది. ఇప్పుడు మూడు జానల దూరంలో ఉన్న గుల్లముక్క పీకడానికి వీల్లేదు. చేపల బుట్టలతో పోతున్న మగమనిషిని కేకేసి పిలిచింది. వాడు పీకుతుంటే తాతస్వామి ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు. నొప్పి లేదు మరి. అదే భయం.

సన్యాసం తీసుకోక ముందు ఆయన పేరు థియన్. మేక్లాంగ్ నది పక్కన కొబ్బరితోటల్లో గీతగాడు. పొద్దునా సాయంత్రం చెట్లెక్కి, పూగెల గీసి, వెదురు గొట్టాల్లో నీరా పట్టి దింపేవాడు. ఆ రోజుల్లో వాడి నడుముకి కట్టిన తాడుకీ వాడికీ తేడా తెలిసేది కాదు. పెళ్లాం పోయాక యాభై దాటిన వయసులో గుండు చేయించుకుని గుడికి చేరాడు. చెట్లెక్కడం పోయింది, తినడం మాత్రం పెరిగింది. పన్నెండేళ్లలో కాషాయం కింద ఇంకో మనిషి తయారయ్యాడు. గుడి మెట్లు ఎక్కితే ఆయాసం, కూర్చుంటే లేవడానికి ఇద్దరు. ఒంట్లో చక్కెర జబ్బు ఎప్పుడొచ్చి కూర్చుందో ఆయనకే తెలియదు. తెలిశాక మాత్రలు మింగుతూ వచ్చాడు, జబ్బేమో తన పని తాను చేసుకుపోతూ వచ్చింది.

జిల్లా ఆసుపత్రిలో కాటా ఎక్కిస్తే నూటపది కిలోలు. చక్కెర చూసి డాక్టరమ్మ నోరు తెరిచింది. చిన్నపిల్ల, కళ్లజోడు, ముందు చేతులు జోడించి దండం పెట్టి, ఆ తర్వాత మాటలతో కడిగేసింది.

"తాతస్వామీ, మీ కాలికి స్పర్శ పోయింది. ఈ పుండు మానాలంటే చక్కెర దిగాలి. చక్కెర దిగాలంటే ఒళ్లు దిగాలి. వర్షావాసం మూడు నెలలు మీరెలాగూ ఊరు కదలరు. అయ్యేలోగా పది కిలోలు తగ్గండి. లేకపోతే పుండు ఎముక దాకా పోతుంది. అప్పుడు పాదం తీసెయ్యాలి. పాదం పోతే భిక్షకి నడవలేరు."

తాతస్వామి మొహంలో అంతవరకూ ఏ మార్పూ లేదు. ఆ చివరి మాటకి మాత్రం కనుబొమలు కదిలాయి. పన్నెండేళ్లలో ఒక్క పొద్దు కూడా భిక్ష మానని మనిషి. జ్వరమొచ్చినా, వీధిలోకి నీళ్లొచ్చినా పాత్ర పట్టుకుని బయల్దేరేవాడు.

"రోజుకి పదిహేనువందల కేలరీలు దాటకూడదు," అంది డాక్టరమ్మ.

"అంటే?" అంది లమ్‌యాయ్.

పక్కనున్న నర్సు విప్పి చెప్పింది. గుడ్డు సొనతో చేసి పాకంలో వేస్తారే, బంగారు చుక్కలు, అదొక్కటి తింటే పావుగంట నడవాలన్నమాట.

"చెట్టెక్కితే?"

నర్సు నవ్వింది. "ఎక్కి దిగితే సరిపోతుందేమో పెద్దమ్మా."

"మా వీధి ప్రయోంగమ్మ భిక్ష వేసే పొట్లంలో పదుంటాయి," అంది లమ్‌యాయ్ తమ్ముడికేసి చూస్తూ. "రోజూ తోట మొత్తం గీసి రావాలి తమరు."

తాతస్వామి డాక్టరమ్మ ఇచ్చిన బొమ్మల కాగితం తిప్పి చూశాడు. కంచంలో సగం ఆకుకూరలు, పావు అన్నం, పావు చేప. "అమ్మా, నేను అడుక్కుతినేవాణ్ణి. అడుక్కునేవాడు చీటీ పట్టుకుని, నాకిది వెయ్యి, అది వెయ్యకు అనొచ్చా?"

లమ్‌యాయ్ అందుకుంది. "మీరనక్కర్లేదు. నేనంటాను."

అంది కూడా. ఆవిడ కొట్టులో అమ్మేది భిక్ష సరుకే. పొద్దున్నే భిక్ష వెయ్యాలనుకునేవాళ్లు అన్నీ సొంతంగా వండుకోలేరు, సగం సరుకు ఆవిడ దగ్గర కొనుక్కుంటారు. అన్నం పొట్లం, కూర పొట్లం, తీపి, ఓ సీసా తియ్యటి టీ. కొన్న ప్రతివాళ్లకీ చెప్పింది. స్వామివారికి చక్కెర జబ్బు, కాలు పోయేలా ఉంది, తీపి వద్దు, వేపుడు వద్దు. అందరూ అయ్యో అన్నారు. కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు మళ్లీ అదే పట్టుకొచ్చారు.

వాళ్లని అనడానికీ లేదు. ఈ వీధిలో ఎవరూ స్వామికని వండరు. పోయినవాళ్లకని వండుతారు. పాత్రలో వేసినది స్వామి తింటే ఆ పుణ్యం వెంట రుచి కూడా పోయినవాళ్లకి చేరుతుందని నమ్మకం. అందుకని ఎవరికేది ఇష్టమో అదే వేస్తారు. పడవల మేస్త్రి తల్లికి కొబ్బరిపాల పాయసం. మందులషాపాయన అన్నకి పంది కొవ్వు వేపుడు. ప్రయోంగమ్మ మొగుడు సంగువన్‌కి బంగారు చుక్కలు. ఆ లెక్కన ఈ వీధిలో చచ్చినవాళ్లంతా వేపుళ్లూ తీపులే తిని చచ్చారు. ఆకుకూర ఇష్టపడి చచ్చినవాడు ఒక్కడూ లేడు.

లమ్‌యాయ్ ముందు తన కొట్టు మార్చింది. తీపి పొట్లాలు తీసేసింది. దంపుడు బియ్యం, ఉడకబెట్టిన కూరగాయలు, కాల్చిన కానాగంత చేపలు, ఉప్పు తగ్గించిన పచ్చడి. సీసాల్లో చప్పటి టీ. కొనడానికొచ్చినవాళ్లు చూసి పక్క కొట్టుకి పోయారు.

"ఏమే లమ్‌యాయ్, ఆసుపత్రి క్యాంటీను పెట్టావా?" అంది అరటికాయల అమ్మి.

"నువ్వు చేరేటప్పుడు చెప్పు, నీకూ ఓ మంచం వేస్తా," అంది లమ్‌యాయ్.

గుడిలో మాత్రం ఇంకో తగువు. భిక్ష తెచ్చాక తాతస్వామి పాత్ర ముందు పెట్టుకుని, ప్రతి పొట్లం విప్పి, ప్రతిదాంట్లో ఓ చెంచా తినేవాడు. ఓ చెంచానే. నలభై ఇళ్లు.

"మిగతా స్వాములు కావలసింది తిని మిగతాది పక్కన పెడతారు కదా," అంది లమ్‌యాయ్, చాప అంచున దూరంగా కూర్చుని. "అన్నీ తినమని బుద్ధుడు చెప్పాడా?"

"చెప్పలేదు."

"మరి?"

ఆయన విప్పిన పొట్లం మళ్లీ మడిచాడు. తర్వాత అన్నాడు, "మా ఆవిడ పోయిన కొత్తలో అరటి వేపుళ్లు తీసుకెళ్లి ఇక్కడే ఓ స్వామి పాత్రలో వేశాను. దానికవంటే ప్రాణం. సాయంత్రం వస్తే అవి కుక్క తింటోంది. ఆ రోజు ఇంటికెలా వెళ్లానో నాకే తెలియదు. అందుకని అందరివీ ఓ చెంచా తింటాను. వేసినవాళ్లు ఆశతో వేస్తారు, దాతమ్మా."

భిక్షువు ఇచ్చేవాళ్లందరినీ దాతమ్మా అనే అంటాడు, అక్కయినా సరే. లమ్‌యాయ్ లేచి పోయి సీసాలు కడుక్కుంది.

మధ్యాహ్నం పన్నెండు దాటితే భిక్షువు ఏమీ నమలకూడదు, తాగొచ్చు. ఆకలి ఆగక తాతస్వామి తాగేవన్నీ తియ్యటివే. గుడి ఫ్రిజ్ నిండా దాతలిచ్చిన రంగునీళ్లే. వాటిని లమ్‌యాయ్ పెద్దస్వామి అనుమతి తీసుకుని బయట పడవలవాళ్లకి పంచిపెట్టేసింది, చప్పటి టీ పెట్టింది. తాతస్వామి ఒక గుక్క తాగి సీసాకేసి చూశాడు. "చెరువు నీళ్లా?" అన్నాడు. అయినా తాగాడు.

పుండుకి కట్టు కట్టేది పక్క కుటీరం ముసలి స్వామి. ఆయనకి చూపు ఆనదు. లమ్‌యాయ్ అరుగు కింద నిలబడి, "ఎడమకి, ఇంకా ఎడమకి, అది వేలు స్వామీ, పుండు కాదు," అంటూ చెయ్యి తిప్పుతుండేది. కళ్ల ముందే కుళ్లుతున్న కాలు, దాన్ని ముట్టుకోలేని చేతులు. ఇంటికెళ్లి ఆ చేతులతోనే అన్నం వార్చేది.

రెండో నెలాఖరుకి కాటా ఎక్కిస్తే తగ్గింది మూడు కిలోలు. ఆ మూడూ టీ సీసాల పుణ్యం. డాక్టరమ్మ పుండులో సన్నటి పుల్ల పెట్టి లోతు చూసింది. చిటికెనవేలు నల్లబడుతోంది. "వేలు పోతుంది," అంది. "పాదం సంగతి ఈ నెల తేలుస్తుంది."

పడవలో తిరిగొచ్చారు. రేవులో దిగగానే లమ్‌యాయ్ తిన్నగా ప్రయోంగమ్మ ఇంటికి నడిచింది.

వీధిలో ప్రయోంగమ్మది పెద్ద ఇల్లు. మొగుడు బతికున్నప్పుడు నాలుగు బియ్యం పడవలుండేవి. ఆవిడేం చేస్తే వీధి అదే చేస్తుంది. ఆవిడ పసుపు బట్టలు కట్టుకుంటే మర్నాటికి వీధంతా చామంతి తోటే. లమ్‌యాయ్ వెళ్లేసరికి వసారాలో కూర్చుని గుడ్డ లోంచి సొన వడకడుతోంది. పొయ్యి మీద పాకం ఉడుకుతోంది.

"రా అక్కా," అంది ప్రయోంగమ్మ, లేవకుండానే. "దేనికొచ్చావో తెలుసు. నేను మాననని కూడా నీకు తెలుసు. కూర్చుని చల్లగా ఏమైనా తాగు."

"వేలు పోతోంది ప్రయోంగమ్మా. తర్వాత పాదం."

"నాకు మాత్రం బాధ లేదా? ఆయన తక్కువ తినొచ్చుగా. నేనేమన్నా నోట్లో కుక్కుతున్నానా?"

"నువ్వు మొగుణ్ణి తలుచుకుని వేస్తావు. నీ కోసమని ఆయన తింటాడు."

"మా ఆయన ఏడేళ్లయి కల్లోకొస్తున్నాడు. వచ్చి అక్కడ కూర్చుంటాడు, ఆ గడప మీద. నువ్వు పంపింది ముట్టిందే అంటాడు. నేను మానేస్తే ఏమని వస్తాడు? ఆకలేస్తోందని వస్తాడు." ప్రయోంగమ్మ సొన వడకట్టడం ఆపలేదు.

లమ్‌యాయ్ ఆ గడపకేసి చూసింది. సంగువన్‌ని ఆవిడ కూడా ఎరుగును. మంచి మనిషే, తిండిపోతు. చివర్లో ఆ గడప మీదే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, చక్కెర జబ్బుతో ఓ కాలు మోకాలి దాకా తీసేస్తే.

"కల్లో ఎలా వస్తాడు?" అంది.

"ఎలా రావడమేంటి?"

"నడిచొస్తాడా? రెండు కాళ్లున్నాయా, ఒకటా?"

ప్రయోంగమ్మ చేతిలో గుడ్డ ఆగింది. పొయ్యి మీద పాకం బుడబుడమంటోంది, దాన్ని కలపాలన్న ధ్యాస కూడా లేదావిడకి.

"ఒకటే," అంది చివరికి.

"చచ్చినా కాలు రాలేదన్నమాట. రాదు మరి. రోజుకి పది చొప్పున ఏడేళ్ల నుంచి పంపిస్తున్నావు కదా, ఎలా మానుతుంది?" లమ్‌యాయ్ ఇంకా అంది, అనకుండా ఉండలేదు. "ఇక్కడున్నప్పుడు డాక్టరు వద్దని చెప్పినా చాటుగా తిండి పెట్టావు. అక్కడ కూడా పెడుతున్నావు. ఆ రెండో కాలు కూడా తీయించి గాని ఒప్పుకోవా?"

"లే, బయటికి నడు," అంది ప్రయోంగమ్మ.

"వెళ్తున్నా."

"నా మొగుడి గురించి నా ఇంట్లో కూర్చుని..."

"వెళ్తున్నా అన్నానుగా. పాకం మాడుతోంది చూసుకో."

ఆ పాకం మాడే పోయింది. గిన్నె తీసుకెళ్లి కాలవలో పారబోసిందని, ఆ సాయంత్రమంతా తలుపేసుకుని కూర్చుందని అరటికాయల అమ్మి చెప్పింది. అంత దూరం పోకుండా ఉండాల్సిందేమోనని లమ్‌యాయ్‌కీ అనిపించింది. అనిపించి ఊరుకుంది. వెనక్కెళ్లి చేతులు పట్టుకునే రకం కాదావిడ.

మర్నాడు భిక్ష వేళకి ప్రయోంగమ్మ గడప ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చేతిలో మూత గిన్నె. తాతస్వామి ఆగాడు. అందులో ఉన్నది ఉడకబెట్టిన కాకరకాయ, చిన్నచేపలు, గుప్పెడు దంపుడన్నం. వీధంతా మెడలు చాచి చూసింది.

"సంగువన్ గారికి కాకరకాయ ఇష్టమా అమ్మా?" అంది పడవల మేస్త్రి పెళ్లాం.

"మొహాన కొట్టినా తినేవాడు కాదు," అంది ప్రయోంగమ్మ. "ఇప్పుడు తింటాడు. కాళ్లు కావాలంటే తినాలి. తిట్టుకోనీ. బతికున్నన్నాళ్లూ తిట్టాడుగా, నేనేమన్నా అరిగిపోయానా?"

అంతే. వారం తిరక్కుండా వీధిలో చచ్చినవాళ్లందరికీ పథ్యం మొదలైంది. మేస్త్రి తల్లికి రక్తపోటు ఉండేదట, పాయసం మానేసి తోటకూర. మందులషాపాయన అన్న గుండాగి పోయాడు, పంది కొవ్వు పోయి కాల్చిన చేప వచ్చింది. బజారులో కాకరకాయ దొరకడం మానేసింది. లమ్‌యాయ్ కొట్టు ముందు మళ్లీ జనం చేరారు. క్యాంటీను అన్న అరటికాయల అమ్మి కూడా వచ్చి ఉడకబెట్టిన బీరకాయ రెండు పొట్లాలు అడిగింది. "మా అత్తకి," అంది.

"బరువు చూసుకుంటోందా మీ అత్త?" అంది లమ్‌యాయ్.

"పోయి పదేళ్లయింది కదే, ఏం బరువుంటుంది?"

"అయితే ఒక్కటి చాలు తీసుకో."

తాతస్వామి ఇప్పటికీ ప్రతి పొట్లంలో ఓ చెంచా తింటున్నాడు. నలభై చెంచాలూ ఆకులూ చేపలే. తినేటప్పుడు ఆయన మొహం చూడాలి. "ఈ వీధి ప్రేతాలన్నీ ఒక్కసారే ఆసుపత్రిలో చేరాయి," అన్నాడు ఓ రోజు. మధ్యలో రెండుసార్లు కళ్లు తిరిగితే డాక్టరమ్మ మాత్రలు తగ్గించింది. ఒళ్లు తగ్గుతుంటే మందూ తగ్గాలట. ఆ సంగతి ఎవరికీ తెలియదు, డాక్టరమ్మ ముందే చెప్పే ఉంటుంది, వినుండరు.

వర్షావాసం ముగిసే వారంలో చిటికెనవేలు తీసేశారు. పాదం నిలిచింది. కాటా మీద నూటొకటి. పదికి ఓ కిలో తక్కువే, అయినా డాక్టరమ్మ దెబ్బలాడలేదు. పుండు అంచులు గులాబిరంగుకి తిరిగాయి, అది చూసి లమ్‌యాయ్ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"ఇది ఇంతటితో అయిపోలేదు తాతస్వామీ," అంది డాక్టరమ్మ. "ఈ జబ్బు మీతోనే ఉంటుంది. చెప్పులు వేసుకోవాల్సిందే, రోగికి మీ నియమంలో కూడా మినహాయింపుందని పెద్దస్వామి నాతో చెప్పారు. తిండి సంగతి కూడా మీరే చూసుకోవాలి. ఎన్నాళ్లని మీ అక్కగారు వీధితో పోట్లాడతారు? రేపు ఆవిడకి జ్వరమొస్తే?"

తాతస్వామి లమ్‌యాయ్‌కేసి ఓసారి చూశాడు. పసుప్పచ్చటి ఆసుపత్రి గోడ పక్కన కూర్చుని ఆవిడ చెమట తుడుచుకుంటోంది. డెబ్భై నాలుగేళ్లు.

నెల దాటాక, కట్టు విప్పాక, తాతస్వామి మళ్లీ భిక్షకి బయల్దేరాడు. కాళ్లకి నల్ల రబ్బరు చెప్పులు. నడక ఓ పక్కకి ఒరుగుతోంది, అయినా నడుస్తున్నాడు. లమ్‌యాయ్ వీధి చివర కొట్టు ముందు అన్నీ సర్దుకుని కూర్చుంది. వేడన్నం, బచ్చలికూర, వెన్నుముల్లు తీసిన కానాగంత. ఆ పొద్దు కోసం ఆవిడ కొత్త గరిటె కూడా తీసింది.

తాతస్వామి ప్రయోంగమ్మ ఇంటి దగ్గర ఆగాడు. మేస్త్రి ఇంటి దగ్గర ఆగాడు. మందులషాపు దగ్గర ఆగి, పాత్రలోకి ఓసారి తొంగి చూసి, మూత తీసి దాని మీద పెట్టేశాడు. పాత్రకి మూత పడితే ఇక చాలని అర్థం, ఎవరూ ఏమీ వెయ్యకూడదు. పన్నెండేళ్లలో ఆయన మూత వెయ్యడం వీధి చూడలేదు. దీవెన మంత్రం చదివి, చెప్పులు టపటపలాడించుకుంటూ అక్కణ్ణించే వెనక్కి తిరిగి గుడివైపు నడిచాడు.

ఇటు మిగిలిన ఇళ్లవాళ్లు గిన్నెలు చేత్తో పట్టుకుని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"అదేంటే, సొంత అక్క అన్నం కూడా పట్టకుండా పోయాడు!" అంది అరటికాయల అమ్మి. "ఇంత చేసినందుకు నీకిదా?"

లమ్‌యాయ్ గరిటె పట్టుకుని అలాగే మోకాళ్ల మీద ఉంది. మొహం ఎర్రబడింది. కాషాయం వంతెన ఎక్కి దిగేదాకా చూసింది. తర్వాత మెల్లిగా లేచి, పీట లాక్కుని కూర్చుని, అన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుంది.

"వాడి కడుపెంతో వాడికి తెలిసింది," అంది. "పోయి నీ అరటికాయలు చూసుకో, ఈగలు ముసురుతున్నాయి."

ఎర్రటి బచ్చలికూర అన్నంలో కలుపుకుని ఆవిడే తినేసింది, చేపతో సహా.